తలుపు మీది థాయిలాండ్

నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన. మొదటిసారి నాకు లెక్కలు రాలేదని. రెండోసారి, లెక్కల సారుకు నేను లేకుంటె పొద్దుపోదని. ఆ రెండో యేడు సారు గ్రాఫు కాగితం ఇచ్చి చుక్కలు పెట్టి కలుపుమన్నడు. కలిపిన. సారు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "బిడ్డా, ఇది గ్రాఫు కాదు, గొర్రె" అన్నడు. నిజంగనే గొర్రె లెక్కనే ఉండె, తోక సుత వచ్చింది. తెల్లారి సంది నేను బడి మొకం చూడలే. గొర్రె మాత్రం మంచిగ వచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం.

గసుంటి నన్ను పట్టుకొని, రెండు దేశాల లెక్క నువ్వే చెప్పాలె, నువ్వు చెప్తెనే చుక్క పెడుత అని ఒక మనిషి పట్టుబట్టి కూసున్నడు. ఆయన ముచ్చటే ఇది.

మొన్న ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ట్రాలీ ఆపి మొక్కలు దించుతున్న. నా బతుకుదెరువు గదే. నర్సరీల మొక్కలు ఏసుకొని ఊరూరు తిరుగుత. రావిర్యాల దిక్కు తోటలకు, బడంగ్‌పేటల రెండో అంతస్తు బాల్కనిల మామిడిచెట్టు పెంచుతమనేటోళ్లకు, అందరికీ నేనే. ఒకాయన జామ మొక్క చేతిల పట్టుకొని, "ఇది థాయ్ జామనా, మన జామనా?" అని అడిగిండు. నాకు నవ్వు ఆగలే. ఆయనకు కోపమొచ్చి, "తెల్వకుంటె తెల్వదని చెప్పు, పండ్లు ఇకిలిస్తవెందుకు?" అని మొక్క ఆడ్నే పెట్టి పోయిండు. ఆయన తప్పేం లేదు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పే మనిషి పోయిన వానకాలంల కాలం చేసిండని ఆయనకేం ఎరుక?

పేరు రాయను. పేరు రాస్తె ఊరు దొరుకుతది, ఊరు దొరికితె తోట దొరుకుతది, తోట దొరికితె ప్లాట్లోళ్లు రేపు పొద్దుగాల్నే టేపు పట్టుకొని దిగుతరు. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఊరు, గంతే. ఆయనకూ ఆయన తమ్మునికీ పొత్తుల నాలుగెకరాల మామిడితోట. మూడు దిక్కుల హద్దురాళ్లు పాతిన వెంచర్లు, నాలుగో దిక్కు రోడ్డు. దూరంకెళ్లి చూస్తె గుండు మీద పిలక విడిచినట్టు ఉంటది.

నేను ఆయనను బాపు అని పిలుస్తుంటి. సొంత బాపు కాదు. సొంత బాపైతె నా మాట అంతగనం నమ్ముతుండెనా?

పొడుగు మనిషి. నడిస్తె ఎడమ చెయ్యి వీపు వెనుక పెట్టుకుంటడు. కుడి చెయ్యి చెట్లది. తోటల పోతుంటె ఒక్కొక్క చెట్టును వేళ్ల కణుపులతోటి రెండుసార్లు తట్టుతడు, ఎవలింటికో పోయి తలుపు కొట్టినట్టు.

"ఎవలన్న ఉన్నరా బాపూ లోపట?" అని ఒకసారి అడిగిన.

"ఉన్నరు. నీ లెక్క తిరుగుబోతులు కాదు. ఎప్పుడొచ్చినా ఇంట్లనే ఉంటరు" అన్నడు.

ఈ థాయిలాండ్ పంచాయితి ఎట్ల మొదలైందో చెప్త. వ్యవసాయ కాలేజి పిల్లలు కొన్ని నెలలు ఊర్లల్ల ఉండి రైతుల దగ్గర పని నేర్చుకుంటరు. గట్ల వచ్చిన ఒక పిల్ల, పోయే ముందు బడిల ప్రదర్శన పెడితె ఒక చార్టు గీసింది. అండ్ల రెండు గీతలు. ఎర్రది మన దేశం, పచ్చది థాయిలాండ్. ఒక్కసారి నాటితె ఏండ్లకేండ్లు కాసే పంటలు ఉంటయి గద, మామిడి, జామ, కొబ్బరి, రబ్బరు. గవి దేశం మొత్తం భూమిల ఎంత వంతు ఉన్నయి, ఏ యేటికి ఎంత పెరిగినయి అని చూపెట్టే గీతలవి. వీటిని శాశ్వత పంటలంటరని ఆ పిల్ల అందరికి చెప్పింది. మన గీత ఎక్కుతున్నది. ఆళ్ల గీత మనకంటె నాలుగు వేళ్లు మీద ఉండి, అదీ ఎక్కుతున్నది. ముందు రాబోయే ఏండ్లకని ఆ పిల్ల కుడి దిక్కు జర జాగ సుత విడిచింది.

ప్రదర్శన అయిపోయినంక తతిమ్మ చార్టులన్ని మిర్చిబజ్జీల బండికి పోయినయ్. ఈ ఒక్కటి మాత్రం బాపు చుట్ట చుట్టి చంకల పెట్టుకొని తోటకు తెచ్చుకున్నడు. మోటరు రూము తలుపుకు బయటి దిక్కు మేకులు కొట్టి బిగిచ్చిండు.

ఆనాటి సంది ఆయనకు థాయిలాండ్ దేశం కాదు, పక్కపొలం. ఎన్నడూ పేరు పెట్టి అనలే. "ఆళ్లు" అంటుండె, గట్టు జరిపిన దాయాదులను అన్నట్టు. "ఆళ్ల దిక్కు వానలు పడ్డయంటనా?" "ఆళ్లు ఈ యేడు ఏం పెడుతున్నరట?" కొత్తోళ్లు ఎవలన్న వింటె, ముసలాయనకు కోర్టుల కేసు నడుస్తున్నదేమో అనుకుంటుండిరి.

ఒకనాడు నేను ఎచ్చులకు పోయి ఫోనుల చూసి, "బాపూ, నువ్వు ఉత్తగ రంధి పెట్టుకుంటున్నవ్. వంతులు విడిచిపెట్టు. మొత్తం భూమి కొలుస్తె మన తోటలే ఆళ్లకంటె ఎక్కువ" అన్న.

ఆయన తువ్వాల దులిపి భుజం మీదేసుకున్నడు. తువ్వాల దులిపిండంటె ఎదుటోనికి మూడిందన్నట్టే.

"మీ ఇంట్ల పదిమంది, పది రొట్టెలు. మా ఇంట్ల ఇద్దరం, ఆరు రొట్టెలు. ఎవని కడుపు నిండింది?"

"మీదే."

"మరి నీ ఇంట్ల పది రొట్టెలున్నయని ఊరంత డప్పు కొట్టి చెప్తవా?"

చెప్ప. ఆయనతోటి లెక్కల సారు సుత గెలువడు.

శాశ్వత పంట అన్న మాట చేతికి దొరికినంక మనుషులను సుత దానితోటే కొలుచుడు మొదలువెట్టిండు. సర్పంచి మక్కజొన్న, ఒక్క కంకి ఇచ్చి ఎండుతడు. ఊరికి కొత్తగ వచ్చిన అల్లుడు టమాట, దూరంకెళ్లి ఎర్రగ కనబడుతడు, రెండు దినాలు ఇంట్ల ఉంటె కారుతడు. బడి పంతులమ్మ మునగచెట్టు, ఎన్నిసార్లు నరికినా చిగురు పెడుతది. నా వంతు వచ్చేసరికి జరసేపు సోంచాయించి, "నువ్వు కొత్తిమీర" అన్నడు. "నెల పంటవు. గని నువ్వు లేకుంటె ఏ కూరకూ వాసన ఉండదు." తిట్టిండో మెచ్చుకున్నడో ఇప్పటికీ సమజ్ కాలే.

"మరి అవ్వ ఏం పంట?" అని అడిగిన. అవ్వ అంటె ఆయన పెండ్లాం. నన్ను కొడుకు లెక్క చూస్తది, అంటె రోజూ తిడుతది. బాపు ముందు వెనుక చూసిండు. ఆమె దాపునే ఉన్నది.

"గా లెక్క నాతోటి కాదు" అన్నడు మెల్లగ.

"కాదు మరి, దేశాల లెక్కలు చేసేటోనికి ఇంటి లెక్క ఏడికెళ్లి వస్తది" అన్నది అవ్వ.

ఒక యేడు నా ట్రాలీల రెండు థాయ్ జామ మొక్కలు మిగిలినయ్. కావాల్ననే తీస్కపోయి ఆయన ముంగట పెట్టిన. ఏం మొక్కలో చెప్పంగనే రెండడుగులు వెనుకకు పోయిండు.

"ఆళ్ల మొక్కనా? నా తోటలనా?"

"ఉత్తగనే ఇస్తున్న బాపూ."

మొక్కల చుట్టు రెండుసార్లు తిరిగిండు. ఆకు తెంపి వాసన చూసిండు. "కాస్తె ఎవని లెక్కల రాస్తరు?"

"ఏమో. మొక్కైతె ఆళ్లది."

"మట్టి మనది. లెక్క మట్టికే రాస్తరు" అని తీర్పు చెప్పి, ఆ సాయంత్రమే నాటిండు. కాయ పడ్డంక తోటకు వచ్చినోళ్లందరికి చూపెట్టుడు షురూ చేసిండు. "ఆళ్ల పిల్ల. మన ఇంటికి కోడలై వచ్చింది. మంచిగ కాపురం చేస్తున్నది."

వెంచరోళ్లు ప్లాటుకు రెండు మామిడి మొక్కలు పెట్టి, తోట ప్లాట్లని బోర్డు కడుతరు. ఆ మొక్కలు ఏసేది నేనే, దాచుకోనీకి ఏం లేదు. బాపు పొద్దుగూకే యాళ్లకు ఆ హద్దురాళ్ల నడుమ తిరిగి, ఎండిపోయినయి చూసుకొని వచ్చి నన్ను నిలదీస్తడు.

"నువ్వు పెట్టినయి సగం చచ్చినయ్ రా. అవి మన లెక్కల ఎక్కినట్టా, ఆళ్ల లెక్కలనా?"

"యముని లెక్కల ఎక్కినట్టు బాపూ."

నవ్వకుంట ఉండనీకి మీసం కొరుక్కున్నడు. మీసం కొరుకుడు ఆయన ఓటమి. గట్ల నేను గెలిచింది వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు.

మామిడి పూత దినాలల్ల, యేడాదికొక్కసారి, చార్టు మీద కొత్త చుక్క పెట్టాలె. చుక్క ఎక్కడ పెట్టాలెనో ఫోనుల చూసి చెప్పేది నేను. నా అర్హత ఏందంటె, నాతాన ఫోను ఉన్నది, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడుత. ఆ దినం బాపు చెప్పులు దూరం విడుస్తడు. తొట్టి కాడ కాళ్లు చేతులు కడుక్కుంటడు. స్కెచ్చు పెన్ను మూత పండ్లతోటి ఊడదీసి, ఒక కన్ను మూసి, "చెప్పు" అంటడు. చుక్క పెట్టినంక మూడడుగులు వెనుకకు నడుస్తడు, దేవునికి వీపు చూపెట్టొద్దన్నట్టు.

మొదటి యేడు ఉన్నదున్నట్టు చెప్పిన. మనది వెంట్రుకవాసి ఎక్కింది, ఆళ్లది అంతకంటె జర ఎక్కువనే ఎక్కింది. చుక్కలు పెట్టి, పెన్నుకు మూత పెట్టి, పోయి మంచంల పండుకున్నడు. తెల్లారి అవ్వ నన్ను రోడ్డు మీదనే పట్టుకున్నది.

"ఏం చెప్పినవ్ రా ఆయనకు? నిన్నటి సంది బువ్వ ముడుతలేడు."

"థాయిలాండ్ల చెట్లు మస్తుగ పెట్టిర్రంట అవ్వా."

"పెడితె పెట్టనీ. ఆళ్లు చెట్లు పెడితె మా ఇంట్ల పొయ్యి ఆరుడేంది?"

రెండో యేడు వచ్చింది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కొని, ఒక కన్ను మూసి నిలబడ్డ ఆ మనిషిని చూస్తె నాకు నిజం నోట్లెకెళ్లి రాలే. "మనది మస్తు లేచింది బాపూ! రెండు వేళ్లు. ఆళ్లు ఉన్నకాడ్నే ఉన్నరు" అన్న. బాపు ఎగిరి గంతేయలే గని, ఆ దినం రెండుసార్లు బువ్వ పెట్టిచ్చుకున్నడు. నాకు జాడీల అడుగుకున్న మామిడి తొక్కు మొత్తం గోకి ఇచ్చిండు. ఒక్క చుక్కతోటి ఇంత సంబురమైతె, అబద్ధమాడుడు పాపమెట్లయితది అనుకున్న. మూడో యేడు ఇంకింత ఉషారుగ, బాలాపూర్ల లడ్డు వేలంపాట పెంచినట్టు పెంచిన. రెండు గీతల నడుమ ఇగ వేలెడు ఎడమే మిగిలింది.

సరిగ్గ ఆ ఎండకాలమే తమ్ముడు వచ్చిండు. నేను ఆయనను చిన్నాయన అంట. చెడ్డోడు కాదు. ఆయన బాధ ఆయనది. మూడు దిక్కుల తోటలు పోయినయ్, వెంచర్ల దుమ్ము లేచి పూత మీద పడుతున్నది, ఎన్నేండ్లని దీన్ని పట్టుకొని ఏలాడాలె, చెట్లు కొట్టి మనమూ ప్లాట్లు చేసి అమ్ముదామని ఆయన వాదం. ఆ దినం ఇద్దరు పెద్దమనుషులను వెంట తెచ్చిండు. ఒకాయన వెనుకట పోస్టుమాను, ఇంకొకాయన పాలసెంటరు నడుపుతడు. నేను ఎరువు సంచులు దించుతున్న.

"అన్నా, ఇయ్యాల ఏదో ఒకటి చెప్పు. కొడుదమా, వద్దా?"

బాపు జరసేపు చెట్ల దిక్కు చూసిండు. ఎనుకకు మళ్లి తలుపు దిక్కు చెయ్యి చాపిండు. "మన గీత ఆళ్ల గీతను తాకిన దినం, చెట్లు కొట్టుర్రి. నేను అడ్డం రాను. అప్పటిదాక ఒక్క కొమ్మ ముట్టొద్దు."

చిన్నాయన తలుపు దగ్గరికి పోయిండు. ఎడంల వేలు పెట్టి చూసిండు. ఒక్కటే వేలు పట్టింది. ఆయన మొకం వెలిగింది. "మాట మీద ఉంటవా?"

"చెట్టు ముట్టి చెప్త. నువ్వూ ముట్టు."

ఇద్దరన్నదమ్ములు మామిడిచెట్టు ముట్టి ఒట్టు పెట్టుకున్నరు. పెద్దమనుషులు సాక్షి. ఆ వేలెడు ఎడం దేవుడిచ్చింది కాదు, నేనిచ్చింది. నవ్వులాటకు చెప్పిన రెండు మాటలకు నాలుగెకరాల చెట్లు తాకట్టు పడ్డయ్. పోనీ వచ్చే యేడు నిజం చెప్దామంటె, మన గీత ఒక్కసారి బాయిలకు దునికినట్టు కిందికి పడాలె. ఎవలు నమ్ముతరు?

నాలుగో యేడు పూతకు చిన్నాయన ముందుగాల్నే వచ్చి కూసున్నడు. పెద్దమనుషులిద్దరు వచ్చిర్రు. చెట్లు కొట్టే మేస్త్రి సుత తాడు పట్టుకొని వచ్చిండు. బాపు చేతులు కడుక్కున్నడు, కన్ను మూసిండు, "చెప్పు" అన్నడు.

"ఈ యేడు ఏం కదల్లే బాపూ. మనది గాడ్నే ఉన్నది, ఆళ్లదీ గాడ్నే ఉన్నది" అన్న. గంతకంటె తప్పిచ్చుకునే తొవ్వ దొరకలే.

పాత పెన్ను ఎండిపోయింది. బాపు కొత్తది లావుది తెచ్చిండు. తలుపు మీద పడ్డ వాన తడికి కాగితం ఏనాడో మెత్తబడ్డది. రెండు చుక్కలు పెట్టంగనే సిరా పాకి పాకి ఒక్కొక్కటి బొట్టు బిళ్లంత అయింది. మన చుక్క పోయి ఆళ్ల చుక్కకు ఆనింది.

"తాకింది!" అని చిన్నాయన లేచి నిలబడ్డడు.

"అది సిరా తాకింది, గీత కాదు" అన్నడు బాపు.

"నువ్వు తాకితె అన్నవ్. తాకింది. సిరాతోటా, పేడతోటా అని ఆనాడు అనలే."

పోస్టుమాను అద్దాలు పెట్టుకొని వంగి చూసిండు. పాలసెంటరాయన వేలితోటి తడిమి, వేలికైన రంగు చూసుకొని, "తాకినట్టే ఉన్నది" అన్నడు. అవతల మేస్త్రి అప్పటికే మొదటి చెట్టు చుట్టు తాడు తిప్పి దొడ్డు కొలుస్తున్నడు. ఆ తాడు నా మెడకు బిగిసినట్టే అయింది.

"ఆగుర్రి! తప్పు నాది. మూడేండ్ల సంది నేనే అబద్ధం చెప్తున్న. మన గీత ఇంత మీద లేదు" అని మొత్తుకున్న.

ముందుగాల పోస్టుమాను నవ్వు మొదలువెట్టిండు. ఇగ అందరూ నవ్విర్రు. మేస్త్రి సుత నవ్విండు, ఆయనకు నేనెవలో సుత తెల్వదు.

"నిరుడు పెండ్లికొడుకు గోడ దుంకి ఉరికిండని పెండ్లి పందిరిల పుకారు లేపింది వీడే. లోపట ఆయన కూసొని పూరీలు తింటున్నడు" అన్నడు పాలసెంటరాయన.

"మా అవ్వ మీద ఒట్టు!"

"మొన్న తాటిచెట్టు నడిచిందని సుత అవ్వ మీదనే ఒట్టేసినవ్."

ఫోను తీసి పోస్టుమాను చేతిల పెట్టిన. "చూడు, నువ్వే చూడు."

"అంకెలు నాకూ కనబడుతున్నయ్ రా. పేర్లు ఇంగ్లీషుల ఉన్నయ్, ఏ గీత ఎవలదో ఎవనికి ఎరుక? నువ్వు ఏది మనదంటె గది మనది."

పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి మొత్తుకొని నిజం చెప్పిన. ఒక్కడు కొనుక్కోలే. చిన్నాయన నా భుజం మీద చెయ్యేసి, "మంచిగ నవ్విచ్చినవ్, ఇగ చాలు" అని మేస్త్రి దిక్కు తల ఊపిండు.

అప్పుడు బాపు తువ్వాల దులిపి భుజం మీదేసుకున్నడు. మోటరు రూము తలుపు గొళ్లెం తీసి, తలుపును మొత్తం లోపటి దిక్కు మాకు కనబడేటట్టు తిప్పిండు.

లోపటి దిక్కు సుద్దముక్కతోటి గీసిన ఇంకో చార్టు ఉన్నది. గీతలు వంకర టింకరగ, ఆయన చేతి పనే. మన గీత ఒకటి, ఆళ్ల గీత ఒకటి, ఏటేటి చుక్కలు. నడుమ ఎడం నాలుగు వేళ్లు కాదు, ఐదు పట్టేటట్టు ఉన్నది.

"బయటియి వీడు చెప్పిన చుక్కలు. లోపటియి చార్టు గీసిన పిల్ల చెప్పిన చుక్కలు. నమ్మకుంటె ఫోను చెయ్యుర్రి" అన్నడు.

పోస్టుమానే ఆయన ఫోనుల కొట్టి, అందరికి వినబడేటట్టు పెట్టిండు. ఆ పిల్ల ఎత్తంగనే బాపు, "ఎడం తగ్గిందా బిడ్డా?" అని అడిగిండు. "ఎడం తగ్గుడేంది తాతా? ఈ యేడు ఇంక పెరిగింది. పోయినసారి ఏడ్సుకుంట అడిగినవ్, ఈసారి ఎందుకు ఇంత ఖుషీగ ఉన్నవ్?"

చిన్నాయన మొకం కందింది. "అంటె నీకు ఎరుకుండే ఒట్టు పెట్టుకున్నవా అన్నా? నన్ను మోసం చేసినవా?"

"నేను ఒట్టు పెట్టింది రెండు దేశాల మీద. బయటి చుక్కల మీద పెట్టిన్నా?"

పెద్దమనుషులు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. ఒట్టు ఒట్టేనన్నరు. మేస్త్రి తాడు చుట్టుకొని, చెంబెడు నీళ్లు తాగి పోయిండు. చిన్నాయన నెల దినాలు మాట్లాడలే. కాయలు దిగినంక ఆయనంతల ఆయనే సంచి పట్టుకొని వచ్చిండు.

అందరు పోయినంక నేను బాపును పట్టుకున్న. "ఎప్పటి సంది ఎరుక నీకు?"

"రెండో యేడు నువ్వు చెప్పంగనే సంబురం ఆగక ఆ పిల్లకు ఫోను చేసిన. ఆ పిల్ల నవ్వింది. కట్టె తీసుకొని నిన్ను దంచుదామని ఇంట్లకెళ్లి ఎల్లిన. ఈడికొచ్చి చూస్తె మా తమ్ముడు తలుపు ముంగట నిలబడి, ఆళ్లను అందుకుంటె అన్న పంతం తీరి తోట విడుస్తడని చుక్కలు చూసుకుంట ఈల ఏస్తున్నడు. కట్టె ఆడ్నే పడేసిన."

"ఎందుకు?"

"ఎడం నాలుగు వేళ్లు ఉంటె వాడు చెట్టు ముడుతుండెనా? వేలెడే ఉన్నదని ఆశపడి ముట్టిండు. ముట్టినోడు ఆగిండు. నువ్వు అబద్ధమాడకుంటె నాకు ఈ తోట దక్కకపోవు రా కొత్తిమీరా."

"గట్లయితె నాకు ముందుగాల్నే చెప్తె ఏంపోయె? నా గుండె ఆగినంత పనైంది."

"చెప్తె నీకు అబద్ధం మంచిగ రాకపోవు. నాకు ఎరుకేనని తెలిసి అబద్ధమాడితె నీ చెవులు ఎర్రగైతయ్."

పోయిన వానకాలంల ఆయనకు జరం వచ్చింది. పట్నం దవాఖానల పెట్టిర్రు. చూడనీకి పోయిన. ముక్కుకు గొట్టం, చేతికి సూది. కండ్లు తెరిచి నన్ను చూసి, ఎట్లున్నవని అడగలే. "ఆళ్లు ఏమంటున్నరు?" అన్నడు.

"ఏం లేదు బాపూ. నీ తబియత్ ఎట్లున్నదని అడుగుతున్నరు" అన్న.

నా చెవుల దిక్కు చూసి మీసం కొరుక్కున్నడు. నాలుగో దినం పోయిండు.

ఆయన కర్మ దినాలల్ల నేను బువ్వ తినలేకపోయిన. ఒక రంధి మనిషి పోయిండని, ఇంకో రంధి తోటది. ఒట్టు పెట్టిన అన్న లేడు. ఇగ తమ్మున్ని ఆపేటోడెవడు? మేస్త్రి ఎప్పుడు తాడు పట్టుకొని దిగుతడో అని ఆ రోడ్డున పోయినప్పుడల్ల ట్రాలీ నిమ్మళం చేసి చెట్లు లెక్కవెట్టుకునుడే పనైంది.

ఈ యేడు పూత పట్టంగనే చిన్నాయన ఫోను చేసిండు. "ఏడున్నవ్? తోటకు రా. ఫోను తెచ్చుకో." ట్రాలీ ఏసుకొని పోయిన. మేస్త్రి లేడు. చిన్నాయన ఒక్కడే మోటరు రూము ముంగట నిలబడ్డడు. చెప్పులు దూరం విడిచి ఉన్నయ్. చేతులకు తడి ఉన్నది. తలుపు లోపటి దిక్కు తిప్పి, సుద్దముక్క పట్టుకున్నడు.

"సక్కగ చూసి చెప్పు. తొందరపడకు" అన్నడు. "మనది మరీ ఎక్కువ లేవలే గద?"

"లేవలే చిన్నాయనా. జరంతే."

"ఆళ్లు మంచిగనే ఉన్నరు గద?"

"మస్తు మంచిగున్నరు. మనకంటె ఎంతో మీదున్నరు."

ఊపిరి విడిచి, నువ్వు గింజంత చుక్క పెట్టిండు. "చెట్లు కొట్టిస్తలేవా మరి?" అని ఊకుండలేక అడిగిన.

"ఒట్టు ఉన్నది గదరా" అని, మొకం నాకు కనబడకుంట అటు తిరిగిండు.

నాకు ఒక్కసారి రెక్కలు వచ్చినట్టయింది. ఎవలకన్న చెప్పుకోవాలె. చెట్ల నడుమ అవ్వ కొంగు నడుముకు చెక్కుకొని పారతోటి వంగి ఉన్నది. ఉరికి పోయి ఆమె ముంగట నిలబడి, "చూసినవా అవ్వా? నేనాడిన ఒక్క అబద్ధం నాలుగెకరాల తోటను నిలబెట్టింది" అన్న.

అవ్వ నడుము పట్టుకొని లేచింది. నన్ను కిందికెళ్లి మీదిదాక చూసింది.

"నువ్వు నిలబెట్టినవా? ఎండకాలమంత కరెంటు ఎప్పుడొస్తె అప్పుడు ఉరికొచ్చి, పాదు పాదుకు నీళ్లు మలిపింది నేను. మీ మొగోళ్లు తలుపు ముంగట నిలబడి బయట ఒక చుక్క, లోపట ఒక చుక్క పెట్టుకుంట ఉన్నరు. జరుగు, కాలువల నిలబడ్డవ్. నీళ్లు ఆగినయ్."